డ్రాప్ కొట్టడమూ ఆటే

మెదక్‌లో రమ్మీ రాని ఇల్లు తక్కువ. ఆ ఇళ్లకు కొత్తగా ‘లిమిట్ హోల్డెమ్’ పోకర్ వస్తే ఎలా నేర్చుకోవాలి? పైసా అక్కర్లేదు. ఒక పత్తాల కట్ట, గిన్నెడు చింతగింజలు, కొంచెం ఓపికతో లెక్క చేసుకునే అలవాటు ఉంటే చాలు.

జిల్లా పేజీలో తరచూ కనిపించే వార్త ఒకటుంది: ‘పేకాట స్థావరంపై దాడి’. ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని బైకులు స్వాధీనం అని రాస్తారు. ఫొటోలో బల్ల మీద నోట్లు పేర్చి ఉంటాయి, పక్కన పత్తాల కట్ట, వెనక తలలు వంచుకున్న మనుషులు. ఎంత దొరికిందో, ఎవరు దొరికారో ఆ వార్తలో ఉంటుంది. వాళ్లు ఎలా ఆడారో ఎవరికీ అక్కర్లేదు. నిజానికి ఆడినవాళ్లలో చాలామందికీ అది అక్కర్లేదు. అందుకే పోగొట్టుకుంటారు.

మెదక్‌లో పత్తాలు కొత్త కాదు. పెళ్లింట్లో వంటలయ్యేదాకా, దావత్‌లో తిన్నాక, శివరాత్రి జాగారంలో నిద్ర రాకుండా, అరుగు మీదో చెట్టు కిందో నలుగురు చేరితే కట్ట బయటికొస్తుంది. పెద్దలకు పదమూడు పత్తాల రమ్మీ, కుర్రాళ్లకు మూడు పత్తాలు. అంతకు ముందూ ఈ నేల మీద పత్తాలున్నాయి. నిర్మల్ కళాకారులు గుండ్రటి గంజీఫా పత్తాలకు రంగులద్దిన రోజులున్నాయి. మొఘల్ గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 పత్తాలు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే పోకర్ కనిపిస్తోంది. సినిమాల్లో చూసి, రీల్స్ చూసి కుర్రాళ్లు ‘ఆల్ ఇన్’, అంటే ఉన్నదంతా ఒడ్డడం, అనే మాట నేర్చుకుంటున్నారు. ఈ ఆటలో మొదట నేర్చుకోవాల్సింది మాత్రం దానికి తలకిందులైన పని: పత్తాలు కింద పెట్టేయడం.

సికింద్రాబాద్ క్లబ్బు, ఢిల్లీ తీర్పు

ఆట సంగతి ఎత్తేముందు చట్టం సంగతి. పేకాట గురించి దేశమంతా నేటికీ ఉదహరించే తీర్పు మెదక్‌కు వంద కిలోమీటర్ల లోపే పుట్టింది. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. అప్పటికి అమల్లో ఉన్న హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేట్ శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా రాసిన తీర్పు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. రమ్మీలో ఏ పత్తా పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది విసరాలో తేల్చుకోవాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని కోర్టు చెప్పింది. మూడు పత్తాల ఆటకు మాత్రం ఆ మర్యాద ఇవ్వలేదు, అది కేవలం అదృష్టం అంది. ఇంకో మాట కూడా అంది: ఆట నడిపే ఇంటివాడు దాని మీద లాభం తీస్తుంటే నేరం నిలబడొచ్చు.

పోకర్ దగ్గరికొచ్చేసరికి రాష్ట్రాల దారులు చీలాయి. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి తప్పించింది. నాగాలాండ్ 2016లో నైపుణ్య ఆటల జాబితాలో చేర్చింది. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్ జూదమేనంది. అదే ఏడు తెలంగాణ ప్రభుత్వం 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి అన్నిటికంటే గట్టి తలుపు వేసింది. ఫలితం తెలియనిదాని మీద డబ్బు ఒడ్డితే చాలు, అది నైపుణ్య ఆటైనా జూదమే. ఆన్‌లైన్ కూడా అందులోకే వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ డబ్బాటలను దేశమంతటా నిషేధించింది.

కాబట్టి మెదక్‌లో కూర్చుని రూపాయి పెట్టి పోకర్ నేర్చుకునే దారి లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. అష్టాచెమ్మాకు, వామనగుంటలకు సరిపోయిన చింతగింజలు పోకర్‌కూ సరిపోతాయి. ఆట అయ్యాక గింజలన్నీ గిన్నెలోకి వెళ్లిపోతాయి, ఎవరి జేబూ బరువెక్కదు. మనిషికి రెండు వందల గింజలు పంచుకుంటే ఒక పూటకు చాలు.

కట్టిన చేతులతో ఆట

హోల్డెమ్ నియమం చిన్నది. ఒక్కొక్కరికి రెండు పత్తాలు, మూసి. ఒక విడత పందెం. తర్వాత అందరికీ ఉమ్మడిగా మూడు పత్తాలు తెరిచి వేస్తారు, అది ఫ్లాప్. ఇంకో విడత. నాలుగో పత్తా టర్న్, ఐదోది రివర్, ఒక్కోదానికి ఒక్కో విడత. చేతిలో రెండు, కింద ఐదు, ఆ ఏడింటిలో మంచి ఐదు ఎవరివో కుప్ప వాళ్లది.

ఇందులో రెండు రకాలున్నాయి. సినిమాల్లో చూపేది నో లిమిట్, ఉన్నదంతా ఒక్క దెబ్బకు నెట్టొచ్చు. లిమిట్‌లో అది కుదరదు. పందెం సైజు ముందే కట్టేసి ఉంటుంది. ‘రెండు-నాలుగు’ ఆటంటే మొదటి రెండు విడతల్లో పందెం రెండు గింజలు, చివరి రెండు విడతల్లో నాలుగు. విడతకు ఒక పందెం, దానిమీద మూడు పెంపులు, అంతకు మించి లేదు. పంచినవాడి పక్కన మొదటివాడు ఒక గింజ, రెండోవాడు రెండు గింజలు పత్తాలు చూడకముందే పెడతారు, వాటిని బ్లైండ్లు అంటారు. ఎంత మొండిగా ఆడినా ఒక చేతిలో మనిషికి పోయేది 48 గింజలే. రమ్మీలో ఫుల్ కౌంట్ 80కి మించనట్టే ఇక్కడా ఒక అడ్డుకట్ట ఉంది.

కొత్తవాళ్లకు లిమిట్ మంచి బడి కావడానికి కారణం ఇదే. ఇక్కడ దబాయింపు చెల్లదు. ఎక్కువ గింజలున్నవాడు తక్కువ గింజలున్నవాణ్ని భయపెట్టలేడు. ఒక పెద్ద సాహసం చేసే అవకాశమే ఉండదు. చిన్న చిన్న నిర్ణయాలు వందలకొద్దీ వస్తాయి, వాటిలో ఎన్ని సరిగా తీసుకున్నావన్నదే లెక్కకొస్తుంది.

మూడు పత్తాల అలవాటున్నవాళ్లు మొదట తడబడేది చేతుల వరుస దగ్గర. తీన్ పత్తిలో వరుస పత్తాలు ఒకే రంగు కంటే పెద్దవి. పోకర్‌లో ఒకే రంగు పెద్దది. ఇది ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టిన నియమం కాదు. మూడు పత్తాల చేతులు మొత్తం 22,100. వాటిలో వరుసలు 720, ఒకే రంగువి 1,096. అరుదైనది వరుస, కాబట్టి అది పెద్దది. ఐదు పత్తాలకు వచ్చేసరికి చేతులు 25,98,960 అవుతాయి. వరుసలు 10,200, ఒకే రంగువి 5,108. అరుదైనది మారింది, పెద్దరికమూ మారింది. ఈ ఆటలో పెద్ద చిన్నలు ఎందుకున్నాయో ఒకసారి లెక్కేసి చూసుకున్నవాడు వాటిని మళ్లీ మరచిపోడు.

మొదటి రెండు పత్తాలు

మంచి రమ్మీ ఆటగాడికి పోకర్‌లో సగం పాఠం ముందే వచ్చు. పదమూడు పత్తాలు విప్పగానే జోకర్ లేదు, వరుసకు దారి లేదు అనిపిస్తే 20కి డ్రాప్ కొడతాడు. ఆశకుపోయి రెండు చుట్లు ఆడి అప్పుడు దిగితే 40, చివరిదాకా కూర్చుంటే 80 దాకా పోతాయని తెలుసు. హోల్డెమ్‌లో ఆ మొదటి డ్రాప్ ఇంకా చవక. బ్లైండ్లు పెట్టని చోట కూర్చుంటే అసలు ఉచితం.

రెండు పత్తాల జతలు 1,326. రంగుల తేడా పక్కనపెట్టి రకాలుగా చూస్తే 169. వీటిలో ఆడదగ్గవి కొన్నే. నిండా తొమ్మిది, పది మంది ఉన్న బల్ల దగ్గర కొత్తవాడు పది చేతుల్లో రెండు కూడా ఆడకపోతే తప్పులేదు. ఇంట్లో ఆరుగురే ఉంటే రెండో మూడో. పెద్ద జంటలు, ఆసుతో రాజో రాణో, ఒకే రంగులో పెద్ద పత్తాలు ముందు వరుసలో ఉంటాయి. చిన్న జంట వస్తే చవగ్గా ఫ్లాప్ చూడొచ్చు గానీ, మూడో పత్తా ఫ్లాప్‌లో కలిసేది దాదాపు ఎనిమిదింట ఒకసారే. కలవకపోతే మమకారం వద్దు.

అరుగు మీద ఈ పద్ధతి మొదలుపెట్టినవాడికి ఎగతాళి తప్పదు.

“ఏందిరా, మల్లా పడేసినవా? గింజలు ఇంటికి తీస్కపోతవా ఏంది?” అంటాడు బావ.

“పత్తాలు మంచిగ లేవు బావా.”

“మంచిగ లేకుంటే ఆడొద్దా? ఆడితెనే కదా తెలిసేది!”

చాలా బల్లల మీద జరిగే సంభాషణ ఇదే. బావ వాదంలోనే బావ నష్టం ఉంది. చూద్దామని పెట్టే రెండు గింజలు ఒక్కసారికి పెద్ద లెక్క కాదు. గంటకు ముప్పై చేతులు పంచితే వాటిలో ఇరవైసార్లు అలా చూసినవాడికి నలభై గింజలు ఊరికే పోయినట్టు.

చేయి బాగున్నప్పుడు వెనక్కి తగ్గడం ఇంకో తప్పు. రెండు ఆసులు 221 చేతుల్లో ఒకసారి వస్తాయి. ఎదుట ఏదో చేతితో ఒక్కడే ఉంటే నూటికి 85 సార్లు గెలుస్తాయి. అదే తొమ్మిది మంది చివరిదాకా వస్తే 31 సార్లే. ‘అందరూ వస్తున్నారు, ఆసులకు దెబ్బే’ అని కొత్తవాడు పెంచడం మానేస్తాడు. పదిమందిలో సమాన వాటా నూటికి పది. నీకు 31 ఉంది. కుప్పలో పడే ప్రతి గింజలోనూ నీది మూడింతల వాటా అయినప్పుడు పెంచకపోవడం పోగొట్టుకోవడమే. ఎక్కువసార్లు ఓడినా ఎక్కువ గింజలు తెచ్చే చేయి ఉంటుందని ఒప్పుకోవడం ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన పాఠం.

కూర్చున్న చోటు కూడా ఒక పత్తా లాంటిదే. ఫ్లాప్ పడ్డాక పంచినవాడు అందరికంటే చివర మాట్లాడతాడు, అంటే అందరి మాటా విని మాట్లాడతాడు. మొదట మాట్లాడాల్సిన చోట పడేయాల్సిన చేతిని చివరి చోట ఆడొచ్చు.

కుప్ప ఎంత, ఖర్చెంత

ఇప్పుడు అసలు లెక్క. ఆరుగురి బల్ల. ఐదుగురు తలా రెండు గింజలతో వచ్చారు, కుప్ప 10. ఫ్లాప్ మీద ఒకడు రెండు వేశాడు, నీతో సహా ముగ్గురు కలిశారు, కుప్ప 18. టర్న్ పడింది. మొదటివాడు నాలుగు వేశాడు, ఒకడు కలిశాడు, ఒకడు దిగిపోయాడు. కుప్ప 26. నీ వంతు. ఉండాలంటే నాలుగు పెట్టాలి.

నీ చేతిలో రెండు ఆఠీన్లు, కింద రెండు ఆఠీన్లు. ఇంకొక్కటి వస్తే ఒకే రంగు పూర్తి. నువ్వు చూసినవి ఆరు పత్తాలు, చూడనివి 46. ఆ రంగులో మిగిలినవి తొమ్మిది. అంటే 46 సార్లలో తొమ్మిదిసార్లు వస్తుంది, 37 సార్లు రాదు. వచ్చినప్పుడల్లా 26 చొప్పున 234 గింజల రాబడి. రానప్పుడల్లా నాలుగు చొప్పున 148 ఖర్చు. మిగులు 86. ఐదింట నాలుగుసార్లు ఓడే పందెమే అయినా పెట్టాల్సిన పందెం.

ఇప్పుడు అదే కుప్ప, అదే నాలుగు గింజలు. చేతిలో తొమ్మిది, ఎనిమిది. కింద ఆరు, ఐదు. నడుమ ఏడు వస్తేనే వరుస. ఏడులు నాలుగే. నాలుగుసార్లు 26 అంటే 104 రాబడి, 42 సార్లు నాలుగు అంటే 168 ఖర్చు. 64 నష్టం. పత్తాలు కింద పెట్టు. ‘పోయినసారి ఏడు వచ్చింది కదా’ అంటుంది మనసు. కట్టకు పోయినసారి సంగతి గుర్తుండదు.

నిజం బల్ల మీద ఇంకొన్ని మెలికలుంటాయి. నీ రంగు కలిసినా ఎదుటివాడి దగ్గర అంతకంటే పెద్దది ఉండొచ్చు. కలిశాక రివర్ మీద ఇంకో నాలుగు గింజలు రావచ్చు. అవి తర్వాతి తరగతి పాఠాలు. ఎన్ని పత్తాలు పనికొస్తాయి, కుప్ప ఎంత, ఖర్చెంత అన్న మూడు ప్రశ్నలు నోటికి వస్తే మొదటి తరగతి పూర్తయినట్టే.

బ్లఫ్ సంగతీ ఈ లెక్కే తేలుస్తుంది. రివర్ మీద కుప్ప 30. నీ చేతిలో ఏమీ లేదు. దబాయించి నాలుగు వేశావు. ఎదుటివాడు నాలుగు పెడితే 34 వస్తాయి. తొమ్మిది, పదిసార్లలో ఒక్కసారి తనది పెద్దదైనా వాడికి గిట్టుబాటే. ఎందుకు దిగుతాడు? చిన్న ఆటల్లో ఎవరూ దిగరు. అందుకే చిన్న లిమిట్ ఆటలో బ్లఫ్ దాదాపు దండగ. ఇదే లెక్క తిప్పితే ఇంకో నియమం: అంత పెద్ద కుప్ప ముందు, గెలిచే అవకాశం కాస్తయినా ఉన్న చేతిని చివరి నాలుగు గింజల కోసం పడేయకూడదు. మొదట్లో పిసినారి, చివర్లో ధారాళం. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తారు.

ఋతుపర్ణుడి లెక్క, కంప్యూటర్ లెక్క

ఆటకు వెనక లెక్క ఉందన్న ఎరుక మనకు పాతది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలో నలుడి కథ ఉంది. పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న నలుడు మారురూపంలో ఋతుపర్ణుడికి సారథి అవుతాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టును చూసి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి లెక్కపెడితే సరిపోతాయి. ఆ లెక్క తెలిసినవాడికే పాచికల మర్మం తెలుసు. నలుడు తన అశ్వవిద్య ఇచ్చి ఆ అక్షహృదయం నేర్చుకుంటాడు. ఈ కథ విన్న ధర్మరాజు కూడా చివర్లో, కథ చెప్పిన బృహదశ్వుడి దగ్గర అదే విద్య నేర్చుకుంటాడు. ఇద్దరూ నేర్చుకున్నది సర్వం పోయాక. ఆ క్రమం తిరగేయడమే చింతగింజల పని.

లిమిట్ హోల్డెమ్ లెక్కను మన కాలంలో చివరిదాకా చేసింది కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం. 2015 జనవరిలో మైకేల్ బౌలింగ్ బృందం ‘సైన్స్’ పత్రికలో సెఫియస్ అనే ప్రోగ్రామును ప్రకటించింది. ఇద్దరే ఆడే లిమిట్ హోల్డెమ్‌ను అది సాధించేసింది. 4,800 ప్రాసెసర్లు 68 రోజులు పనిచేస్తే, ఒక మనిషి జీవితకాలం ఆడినా తేడా పట్టలేనంత దగ్గరగా లోపం లేని ఆట తయారైంది. అరుగు మీది మనకు అందులో రెండు ముక్కలు పనికొస్తాయి. ఒకటి, పంచే స్థానంలో ఉన్నవాడికి లాభం ఉందని లెక్కతో రుజువైంది. రెండు, పంచినవాడి స్థానంలో సెఫియస్ మొదటి అడుగులో ఊరికే కలవడం దాదాపు ఎప్పుడూ చేయదు. పెంచుతుంది, లేదా దిగిపోతుంది. ‘చూద్దాం’ అన్న మాట దానికి తెలియదు.

నేర్చుకుంటే సంపాదించొచ్చా?

ఈ ప్రశ్న రాకమానదు. జవాబు ఈ నిషేధం లేని చోట వెతుకుదాం. కాలిఫోర్నియాలో 1987 నుంచి కార్డ్‌రూముల్లో హోల్డెమ్ చట్టబద్ధం. మనవాళ్లు వేలల్లో ఉండే సాన్‌హోసేలోనే బే 101 లాంటి పెద్ద కార్డ్‌రూములున్నాయి. చిన్న లిమిట్ ఆటలు ఆ రాష్ట్రానికి పాత పరిచయం. లీ జోన్స్ 1994లో, డేవిడ్ స్క్లాన్‌స్కీ, ఎడ్ మిల్లర్, మేసన్ మాల్మత్ 2004లో సరిగ్గా ఇలాంటి ఆటల కోసమే పుస్తకాలు రాశారు.

గంటకు ఒక పెద్ద పందెం మిగిలితే బాగా ఆడినట్టని ఆ లోకంలో పాత కొలమానం. రెండు-నాలుగు డాలర్ల ఆటలో అది నాలుగు డాలర్లు. 2024లో కాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16 డాలర్లు. పుస్తకాలన్నీ నమిలి మింగిన ఆటగాడు దుకాణంలో బిల్లు కొట్టేవాడి జీతంలో నాలుగోవంతు సంపాదిస్తాడు. పైగా ప్రతి కుప్ప నుంచీ కార్డ్‌రూము తన వాటా తీసుకుంటుంది. చిన్న ఆటల్లో ఆ వాటాకే లాభమంతా ఆవిరయ్యే ప్రమాదం ఉంది. ఇంటివాడి లాభం దగ్గర సుప్రీంకోర్టు ఎందుకు ఆగిందో ఇక్కడ అర్థమవుతుంది. బల్ల దగ్గర తప్పకుండా గెలిచేవాడు అతనొక్కడే.

ఊగిసలాట వేరే. ఆటగాళ్లు చెప్పుకునే మోటు లెక్క ప్రకారం గంటకు పది పెద్ద పందేల మేర అటూ ఇటూ ఊగుతుంది. ఆ లెక్కన నూరు గంటలు చక్కగా ఆడిన ఆరుగురిలో ఒకరు అప్పటికీ నష్టంలోనే ఉంటారు. వాళ్లు ఆటలో తప్పు చేయలేదు. అయినా ఇంట్లో అప్పు పుడుతుంది. తప్పు లేకుండా ఓడే ఆటను డబ్బుతో నేర్చుకోబోతే మనిషి లెక్క మరచి పోయినదాని వెంట పడతాడు. గింజలతో అయితే కారణం వెతుకుతాడు.

ఈ ఆదివారం మొదలుపెట్టాలంటే

మొదటి పూట పందెం లేకుండా ఆరు చేతులు తెరిచి పంచండి. ఏది ఆడాలో, ఏది పడేయాలో, కూర్చున్న చోటును బట్టి అందరూ పైకే చెప్పండి. ఫ్లాప్ వేసి ఎవరికి ఎన్ని పత్తాలు పనికొస్తాయో పిల్లలతో లెక్కపెట్టించండి. తొమ్మిదో తరగతి సంభావ్యత పాఠం పుస్తకంలోంచి దిగి బల్ల మీదికి వస్తుంది.

రెండో పూట గింజలు పంచి రెండు-నాలుగు ఆడండి. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎన్ని గింజలు మిగిలాయన్నది రాయొద్దు. ఏ చేతిలో ఎక్కడ సందేహం వచ్చింది, కుప్ప ఎంత, ఖర్చెంత, ఏం చేశాం, ఇవి రాయండి. మర్నాడు తీరిగ్గా లెక్కేస్తే గెలిచిన చేతుల్లో కూడా తప్పులు దొరుకుతాయి, ఓడినవాటిలో కొన్ని సరైనవని తేలుతుంది. గెలుపోటముల నుంచి నిర్ణయాన్ని విడదీసి చూడటం వచ్చినప్పుడు నేర్చుకున్నట్టు.

ఆట ఫోన్‌లోకి, అప్పులోకి, అబద్ధాల్లోకి జారిన మనిషి ఇంట్లో ఉంటే మందలింపు ఒక్కటే సరిపోదు. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

గింజలతో నాలుగు వారాలు సాగాక ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, “ఇంత నేర్సుకున్నం గదా, పది పది రూపాయలు పెడ్దాం” అని. ఆ బల్ల మీద ఒకరికి వచ్చేది పక్కనున్న బావదో తమ్ముడిదో అయి ఉంటుంది, కొత్తగా ఒక్క పైసా పుట్టదు. ఆ మాట వచ్చిన చేయే ఆఖరి చేయి అనుకుని పత్తాలు కట్టేసి క్యారమ్ బోర్డు దించండి.